కౌలాలంపూర్‌లో మొదటి ఏడాది: చెప్పిన జీతం, చేతికొచ్చిన జీతం

"కౌలాలంపూర్‌లో ఆఫర్ వచ్చింది, తొమ్మిది వేల రింగిట్లు ఇస్తామంటున్నారు, మేమిద్దరం, ఒక పాప, సరిపోతుందా?" నేను ఇక్కడికి వచ్చాక తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు అందరూ అడిగేది ఇదే. అడిగిన ప్రతివాళ్లనీ నేను తిరిగి ఒకటే అడుగుతాను, ఏ నెలలో దిగుతున్నారు అని. చాలామందికి అర్థం కాదు. నెలతో పనేముంది, ఖర్చులు ఎప్పుడైనా ఒకటే కదా అంటారు. ఖర్చులు ఒకటేనండి, జీతమే ఒకటి కాదు. అందుకే మా మొదటి ఏడాది ఎలా గడిచిందో లెక్కలతో సహా రాస్తున్నాను.

మేం హైదరాబాద్ నుంచి 2024 ఆగస్టులో వచ్చాం. ఆఫర్ ఏప్రిల్‌లోనే వచ్చింది, జూన్‌లో చేరాలన్నారు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ కాగితాలు తిరిగి తిరిగి వచ్చేసరికి రెండు నెలలు జరిగిపోయాయి. అక్కడ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి, ఇల్లు ఖాళీ చేసే తేదీ ఓనర్‌కి చెప్పేసి, రోజూ మెయిల్ చూసుకుంటూ కూర్చున్నాం. ఆ ఆలస్యం టెన్షన్ అప్పటితో పోతుందనుకున్నాం కానీ, దాని అసలు ఖరీదు మొదటి జీతం స్లిప్‌లో కనపడింది.

మలేషియాలో ఒక క్యాలెండర్ సంవత్సరంలో 182 రోజులు ఉంటేనే పన్ను లెక్కల్లో రెసిడెంట్. ఉండకపోతే నాన్ రెసిడెంట్, జీతం మీద నేరుగా 30 శాతం పన్ను, మినహాయింపులు ఏవీ ఉండవు. జూన్‌లో దిగి ఉంటే డిసెంబర్ నెలాఖరుకి 182 రోజులు ఇట్టే దాటేవి. ఆగస్టులో దిగితే ఎంత లాగినా నూట యాభై చిల్లరే. నా జీతం 9,000. అందులో నెలకు 2,700 పన్ను కింద కోసేశారు. అదే రెసిడెంట్ అయితే సొంత మినహాయింపు 9,000, ఉద్యోగం చెయ్యని జీవిత భాగస్వామికి 4,000, పాపకి 2,000 తీసేసి లెక్క కడితే ఏడాదికి ఎనిమిది వేలు, అంటే నెలకు ఏడు వందల లోపు. ఒకే కుర్చీ, ఒకే పని, ఒకే జీతం, నెలకు రెండు వేల రింగిట్లు తేడా! రింగిట్ అప్పుడు 19 రూపాయల దగ్గర ఉంది, మీరే లెక్క వేసుకోండి. మా ఆయన డిపెండెంట్ పాస్ మీద వచ్చారు, ఆ పాస్‌తో ఇక్కడ ఉద్యోగం చెయ్యడానికి లేదు, కాబట్టి వచ్చేది నా ఒక్కదాని జీతమే.

ఆ పైన ఇల్లు. ఇక్కడ అద్దెకి దిగాలంటే రెండు నెలల అద్దె డిపాజిట్, కరెంటు నీళ్ల కోసం మరో అర నెల డిపాజిట్, మొదటి నెల అద్దె ముందే. మేం తీసుకున్నది వంగ్సా మాజు ఎల్ఆర్‌టీ (మన మెట్రో లాంటి రైలు) స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో మూడు గదుల కాండో, అంటే ఫ్లాటు, అద్దె 1,800. అంటే తాళం చేతికి రావాలంటే 6,300 రింగిట్లు ముందు పెట్టాలి. అగ్రిమెంట్ రాసినందుకు, స్టాంపు డ్యూటీకి ఇంకొన్ని. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఏసీలు ఇంట్లోనే ఉన్నాయి కానీ పరుపులు, గ్యాస్ స్టవ్, గిన్నెలు, మిక్సీ మనమే. అప్పటిదాకా సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో ఉన్నందుకు మరికొంత. దిగిన నెలలో మా చేతిలోంచి పోయింది పదిహేను వేల రింగిట్ల దాకా ఉంటుంది, దాదాపు మూడు లక్షల రూపాయలు. కంపెనీ ఇచ్చిన రీలొకేషన్ డబ్బు టికెట్లకీ, ఆ సర్వీస్ అపార్ట్‌మెంట్‌కీ సరిపోయింది.

ఇల్లు వెతకడం గురించి కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే దీని గురించి మనవాళ్లు ఎవరూ ముందుగా చెప్పరు. ప్రాపర్టీ యాప్‌లో ఇల్లు నచ్చి ఏజెంట్‌కి వాట్సాప్ చేస్తే, ఇల్లు ఎప్పుడు చూస్తారు అని అడగరు. మీరు ఎవరు, ఏ దేశం, ఎంతమంది, ఏం పని, ఎంత జీతం అని ఒక ఫారం లాంటి మెసేజ్ వస్తుంది. ఇండియన్ అని రాసిన వెంటనే చాలామంది ఆగిపోయారు. కొందరు మర్యాదగా, ఓనర్ ఒప్పుకోవడం లేదండి, వంట వాసన గోడలకి పడుతుందంటున్నారు అని చెప్పారు. కొన్ని ప్రకటనల్లో ఫలానా వాళ్లకే ఇస్తామని ముందే రాసి ఉంటుంది, మలేషియాలో పుట్టి పెరిగిన భారతీయులకే ఈ తిప్పలు తప్పవు, మనం ఎంత. నాకు చాలా బాధనిపించింది. పోపు పెట్టుకోవడం నేరం అయినట్టు, మేం రోజూ డీప్ ఫ్రై చెయ్యం అని తెలియని మనిషికి సంజాయిషీ ఇచ్చుకోవడం. మా ఆయనకి కోపం వచ్చి ఒక ఏజెంట్‌తో, ఇల్లు ఇవ్వకపోతే ఇవ్వకండి, మా వంట గురించి మాత్రం మాట్లాడకండి అన్నారు. చివరికి మాకు ఇల్లిచ్చింది ఒక రిటైర్డ్ చైనీస్ టీచరమ్మ. చిమ్నీ ఉంది, వాడుకోండి, ఆరు నెలలకోసారి ఏసీ సర్వీసు చేయించండి, అంతే, అన్నారు. మాకు పనికొచ్చింది ఏంటంటే కంపెనీ ఇచ్చిన అపాయింట్‌మెంట్ లెటర్, పాస్ కాపీ, హైదరాబాద్ ఇంటి ఓనర్‌తో రాయించుకొచ్చిన చిన్న ఉత్తరం, ఇవి మొదటి మెసేజ్‌తోనే పంపడం మొదలుపెట్టాక జవాబులు రావడం పెరిగింది. ఏజెంట్ మెడలో ఆర్‌ఇఎన్ నంబర్, అంటే ఏజెంట్‌గా రిజిస్టరైన నంబర్, ఉన్న ట్యాగ్ ఉంటుంది, ఆ నంబర్ ఆన్‌లైన్‌లో సరిచూసుకోకుండా బుకింగ్ డబ్బు వెయ్యకండి. అద్దె ఇళ్లకు ఏజెంట్ కమిషన్ మామూలుగా ఓనరే ఇస్తారు, మిమ్మల్ని అడిగితే అక్కడే ఆగండి.

ఇక నెలనెలా ఖర్చులు. నిజం చెప్పాలంటే రోజువారీ బతుకు ఇక్కడ ఖరీదు కాదు, సింగపూర్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ధరలు చూసి ఆశ్చర్యపోతారు. నా ఆఫీసు బాంగ్సర్ సౌత్‌లో, వంగ్సా మాజు నుంచి అక్కడి కెరించి స్టేషన్ దాకా ఒకటే ఎల్ఆర్‌టీ, మారే పని లేదు, టచ్ ఎన్ గో కార్డు మీద మూడు రింగిట్ల దగ్గర పడుతుంది. యాభై రింగిట్లకు నెలంతా తిరిగే మై50 పాస్ ఒకటుంది కానీ అది మలేషియా పౌరులకే. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పెట్రోలు సంగతే చూడండి, 2025 సెప్టెంబర్ నెలాఖరు నుంచి ఆర్ఓఎన్95 వాళ్లకి లీటరు 1.99, మనకి సబ్సిడీ లేని ధర, అది మొదలైనప్పుడు 2.60. మేం కారు కొనలేదు, కాబట్టి ఆ దెబ్బ మాకు తగల్లేదు. వాన పడినప్పుడు గ్రాబ్ క్యాబ్ ధర రెట్టింపు అవుతుంది, ఇక్కడ సాయంత్రం వాన పడని వారం ఉండదు, కాబట్టి దానికి కొంత పక్కన పెట్టుకోవాలి.

కరెంటు విషయంలో ఒక లెక్క తెలుసుకుంటే చాలు. మేం వచ్చినప్పటి రేట్లలో మొదటి 200 యూనిట్లు ఒక్కోటి 21.8 సెన్ (వంద సెన్‌లు ఒక రింగిట్), తర్వాతి 100 యూనిట్లు 33.4, మూడు వందలు దాటితే 51.6. అంటే నాలుగు వందల యూనిట్లకి 128 రింగిట్లయితే, ఆరు వందలకి 231. పడకగదిలో ఒక్క ఏసీ రాత్రిపూట వేసుకుంటే మొదటి లెక్క, హాల్లో కూడా పగలంతా నడిపితే రెండోది. 2025 జూలై నుంచి రేట్ల పద్ధతి మార్చారు, బిల్లు ఇప్పుడు వేరేగా వస్తుంది. నీళ్ల బిల్లు మాత్రం చెప్పుకోవాల్సినంత ఉండదు, మొదటి ఏడాది మాకు పదిహేను రింగిట్లు దాటలేదు. వేసవి వస్తే ట్యాంకర్ కోసం ఫోన్లు చేసుకున్న హైదరాబాద్ రోజులు గుర్తొస్తే ఆ బిల్లు సంతోషంగా కట్టాలనిపిస్తుంది.

తిండికి వద్దాం. మొదట్లో మేం పెద్ద సూపర్‌మార్కెట్‌లో కొనేవాళ్లం, వారానికి నాలుగు వందలు అయ్యేది. మా బ్లాకులోనే పై అంతస్తులో ఒక తెలుగావిడ ఉంటారు. మలేషియా తెలుగువాళ్లు, వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి కొబ్బరి తోటల్లో పనికి బగాన్ దాతోకి వచ్చారట. లిఫ్టులో మా పాప తెలుగు విని పలకరించారు. నా సంచిలో సామాన్లు చూసి, "అంత దరపెట్టి కొంటావేటమ్మా, ఆదివారం పొద్దున్న నాతోటి రా" అన్నారు.

పసార్ పాగి అంటే పొద్దున్నే పెట్టే సంత. ఏడు గంటలకే వెళ్లాం. నేల తడి తడిగా, తలమీద ట్యూబులైట్లు, ఒక వరసంతా చేపలు. ఆవిడ నన్ను నేరుగా కానాగంతల దగ్గరికి తీసుకెళ్లారు, ఇక్కడ కెంబుంగ్ అంటారు, మొప్ప ఎత్తి చూపించారు, ఎర్రగా ఉందా లేదా, కన్ను లోపలికి పోయిందా ఉబ్బి ఉందా. కిలో పదహారు. సూపర్‌మార్కెట్‌లో అదే చేప ట్రేలో పెట్టి, ప్లాస్టిక్ చుట్టి ఇరవై రెండు. వంజరం, అంటే తెంగిరి, ఎక్కడైనా ఖరీదే, దాన్ని పండగలకి ఉంచుకోమన్నారు. పక్క బల్ల మీద కొబ్బరి అప్పటికప్పుడు తురిమి, కావాలంటే పాలు పిండి సంచిలో కట్టి ఇస్తాడు. కరివేపాకు కొంటే పచ్చిమిరపకాయలు గుప్పెడు ఊరికే వేశాడు. బెండకాయ, వంకాయ, ఆనపకాయ, మునక్కాయ అన్నీ ఉన్నాయి, తోటకూర రెండు రింగిట్లకి పెద్ద కట్ట. గోంగూర మాత్రం లేదు, దాని కోసం మన ఇండియా అంగళ్లుండే బ్రిక్‌ఫీల్డ్స్ వెళ్లినా దొరికిన రోజు దొరికినట్టు. ఆవిడ చైనీస్ అమ్మతో కాంటనీస్‌లో, కోడి అబ్బాయితో మలయ్‌లో, నాతో తెలుగులో బేరం చెబుతూ పోయారు. ఆ రోజు నుంచి మా ఇంటి సరుకుల ఖర్చు నెలకు పదకొండు వందల దగ్గర ఆగింది.

బియ్యం ఒక్కటే లొంగలేదు. ఇక్కడ లోకల్ తెల్లబియ్యం పది కిలోలు 26 రింగిట్లు, ప్రభుత్వం కట్టిన ధర. కానీ మనకి ఆ అన్నం సయించదు, ముద్దగా అవుతుంది, పప్పు కలుపుకోవడానికి బాగోదు. సోనా మసూరి కావాలంటే ఇండియా నుంచి రావాలి. ఇండియా 2023 జూలైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది, మేం వచ్చేనాటికి ఆ నిషేధం ఇంకా ఉంది, సంచి దొరికినా ధర లోకల్ బియ్యానికి రెట్టింపు పైనే పలికింది. 2024 సెప్టెంబర్ ఆఖర్లో ఎత్తేశారు, కానీ అంగట్లో ధర దిగడానికి కొన్ని నెలలు పట్టింది. ఈలోపు రాత్రిపూట చపాతీలకి మారాం, మా ఆయన అన్నం లేకపోతే తిన్నట్టు ఉండదంటూనే తిన్నారు.

బయట తినడం మాత్రం ఈ ఊరిలో దేవుడిచ్చిన వరం. మామక్, అంటే తమిళ ముస్లింల హోటల్లో రొట్టి చనాయ్ (మన పరోటా లాంటిది) రెండు రింగిట్ల లోపు, పప్పు, కూర రెండూ పోస్తారు, తె తారిక్, అంటే పాల టీ, రెండు చిల్లర. అర్ధరాత్రి రెండింటికి వెళ్లినా వేడిగా దొరుకుతుంది. అరటాకు భోజనం పన్నెండు నుంచి పదిహేను, అన్నం, రసం అడిగినంత. ఆఫీసు దగ్గర ఎయిర్ కండిషన్ ఫుడ్ కోర్టులో తింటే మాత్రం మధ్యాహ్నం భోజనం ఇరవై దాటుతుంది, నెలకు నాలుగు వందలు అక్కడే పోతాయి. నేను డబ్బా కట్టుకెళ్తాను. జ్వరం వస్తే క్లినిక్‌కి అరవై, డెబ్బై, మందులు వాళ్లే ఇచ్చేస్తారు. నాకు కంపెనీ కార్డు ఉంది, మా ఆయనకి, పాపకి లేదు. 2025 జూలై నుంచి ప్రైవేటు వైద్యం మీద విదేశీయులకి 6 శాతం సర్వీస్ ట్యాక్స్ కూడా వేశారు.

ఇప్పుడు ఆ మొదటి అయిదు నెలలు ఎలా కూడాయో చూడండి. చేతికి 6,300. అద్దె 1,800, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్, ఫోన్లు కలిపి 400, సరుకులు 1,100, పాప తడికా, అంటే నర్సరీ ఫీజు 650, తిరుగుళ్లకి 350, బయట తిండికి, చిల్లర మల్లర వాటికి 500. మిగిలింది 1,500. అది హైదరాబాద్ ఫ్లాట్ ఈఎంఐకి కూడా చాలలేదు, దాచుకున్నదాంట్లోంచి తీశాం. జనవరి నుంచి హెచ్ఆర్ నన్ను రెసిడెంట్ లెక్కకి మార్చారు, చేతికి 8,300 రావడం మొదలైంది, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాం.

పోయిన పన్ను సంగతి. ఇది చాలామందికి తెలియదు, తెలిసినా వదిలేస్తారు, దయచేసి వదిలెయ్యకండి. మలేషియా ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 7లో ఒక వెసులుబాటు ఉంది. మొదటి ఏడాది 182 రోజులు నిండకపోయినా, ఆ ఉన్న కాలం మరుసటి ఏడాదిలో వరసగా 182 రోజులకి కలిసి ఉంటే మొదటి ఏడాదికి కూడా రెసిడెంట్‌గా లెక్కిస్తారు. మధ్యలో చుట్టపుచూపుగా బయటికి వెళ్లొచ్చు, కానీ అన్నీ కలిపి 14 రోజులు దాటకూడదు. అంటే డిసెంబర్ నుంచి జూలై 1 దాకా దేశం వదిలి ఎక్కువ ఉండకూడదన్నమాట. సంక్రాంతికి ఇంటికి వెళ్లాం, కనుమ అయిన రెండు రోజులకే తిరిగొచ్చేశాం, అమ్మ అలిగింది. మే నెలలో విశాఖలో మా పెద్దనాన్నగారి అమ్మాయి పెళ్లి, ఇక్కడి నుంచి పెద్ద దూరమేమీ కాదు. నా 14 రోజుల్లో మిగిలింది వెళ్లి రావడానికి సరిపోతుందా అని లెక్కపెట్టి, ఒక్క రోజు విమానం రద్దయినా మొత్తం పోతుందని భయపడి, మా ఆయననీ పాపనీ పంపి నేను ఉండిపోయాను. అక్క ఫోన్ చేసి, డబ్బు కోసం నా పెళ్లికి రాలేదు కదే అంది. అవును, డబ్బు కోసమే. అయిదు నెలల్లో కోసింది 13,500.

పన్ను దాఖలు గడువు ఏప్రిల్ 30, ఆన్‌లైన్‌లో అయితే మే 15, కానీ 182 రోజులు నిండేది జూలై 1కి. అందుకని మా ఆఫీసు పన్నుల సలహాదారు గడువులోపు ఫారం వేయించి, జూలైలో పాస్‌పోర్ట్ పేజీలన్నీ, రాకపోకల పట్టికతో సవరణ పెట్టించారు. అయిదు నెలల ఆదాయం 45,000. మినహాయింపులు 15,000 పోతే 30,000. దాని మీద పన్ను 450, ఆపైన 35,000 లోపు వాళ్లకిచ్చే రిబేటు నాకు 400, మా ఆయన తరఫున 400, అంటే కట్టాల్సింది సున్నా. ఆ తర్వాత పన్ను ఆఫీసుతో ఉత్తరాలు, జవాబులు, మళ్లీ కాపీలు, ఏడాది చివర్లో డబ్బు బ్యాంకులో పడింది, మొత్తం. రింగిట్ అప్పటికి 21 రూపాయలు దాటింది.

ఆఫర్ చేతిలో పెట్టుకున్నవాళ్లు హెచ్ఆర్‌ని రెండు విషయాలు అడగండి. పాస్ ఆలస్యమై దిగేది జూలై 3 దాటితే మొదటి ఏడాది పన్ను తేడా కంపెనీ ముందుగా సర్దుతుందా, రిఫండ్ వచ్చాక తిరిగిచ్చేలా రాసిస్తారా. కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, నాతోపాటు చేరినతనికి ఇంకో విభాగం ఇచ్చింది, నేను అడగొచ్చని కూడా నాకు ఎవరూ చెప్పలేదు. అది కుదరకపోతే చేరే తేదీ జనవరికి జరపమని అడగండి. రెండోది, 2025 అక్టోబర్ నుంచి విదేశీ ఉద్యోగులకి కూడా ఈపీఎఫ్ తప్పనిసరి, జీతంలో 2 శాతం మన వాటా, అంతే కంపెనీ వాటా, ఆ వాటా చెప్పిన జీతంలో కలిపి ఉందా, విడిగానా.

అద్దె ఒప్పందం రెండోసారి రాసుకున్నాం. టీచరమ్మ వంద పెంచమన్నారు, యాభైకి ఒప్పుకున్నారు. ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న లెక్క పాప స్కూలు. ప్రభుత్వ బడిలో విదేశీ పిల్లలకి సీటు కష్టం, మాకు అందుబాటులో ఉన్న ఇంటర్నేషనల్ స్కూళ్లు ఏడాదికి పద్దెనిమిది వేల నుంచి మొదలవుతున్నాయి, బస్సు, యూనిఫాం, డిపాజిట్ వేరే. మా ఆయన సొంతంగా పాస్ వచ్చే ఉద్యోగం కోసం ఇంటర్వ్యూలకి వెళ్తున్నారు, అది వస్తే ఒక లెక్క, రాకపోతే ఇంకో లెక్క. రెండూ కాగితం మీద రాసిపెట్టుకున్నాం.